గుఢియారీ: బెల్టు బిగువులో బియ్యపు గింజ

రాయపూర్ రైల్వే స్టేషనుకు ఒక పక్క నగరపు పెద్ద బజార్లు, కార్యాలయాలు, కళాశాలలు ఉన్నాయి. పట్టాలు దాటి అవతలికి వెళితే గుఢియారీ వస్తుంది. ధాన్యం, పప్పులు, కిరాణా సరకుల టోకు వ్యాపారానికి దశాబ్దాల తరబడి పేరుపడిన పేట ఇది. లారీలు, గోదాములు, బస్తాలు మోసే హమాలీలు దాని రోజువారీ దృశ్యం. సమీపంలోని తేల్‌ఘానీ నాకా అనే కూడలి పేరులోనే పాతకాలపు నూనెగానుగ దాగి ఉంది. యాత్రికులను రప్పించే కోటలూ శిల్పాలూ ఇక్కడ వెదకనక్కర లేదు. కాని, పొలంలోని వరి కంచంలో అన్నంగా మారే దారిని తెలుసుకోగోరేవారికి ఇది మంచి పాఠశాల.

ఛత్తీస్‌గఢ్‌ను అక్కడివారు ‘ధాన్ కా కటోరా’ అంటారు. వడ్లు నిండిన గిన్నె అని దాని భావం. 2023-24 ఖరీఫ్ సీజనులో రాష్ట్ర ప్రభుత్వం రైతుల వద్ద కొన్న వడ్లు 144 లక్షల టన్నులకు మించాయి. ఇలా కొన్న వడ్లను మరపట్టి ఇచ్చే మిల్లరుకు షరతు స్పష్టంగా ఉంటుంది. నూరు క్వింటాళ్ల వడ్లకు పచ్చి బియ్యమైతే 67 క్వింటాళ్లు, ఉప్పుడు బియ్యమైతే 68 క్వింటాళ్లు తిరిగి అప్పగించాలి. అందులో నూక ఎంత ఉండవచ్చునో దానికీ ఒక హద్దు ఉంది. తెలుగువారి నూకను ఇక్కడ కనకీ అంటారు. పేరు ఏదైనా మిల్లరు గుండెలోని గుబులు ఒక్కటే.

ఈ గుబులు తెలుగువారికి కొత్తది కాదు. 1960-61లో ఫోర్డ్ ఫౌండేషన్ సహకారంతో సాంద్ర వ్యవసాయ జిల్లాల పథకం మొదలైనప్పుడు, దేశం మొత్తం మీద ఎంపికైన తొలి ఏడు జిల్లాలలో రాయపూర్, పశ్చిమ గోదావరి రెండూ ఉన్నాయి. అంతకు చాలా ముందే, 1931లో, విజయనగరం నుంచి రాయపూర్ దాకా రైలుమార్గం పూర్తయి తూర్పు తీరాన్ని ఈ వరిమైదానంతో కలిపింది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలెన్నో రాయపూర్‌లో స్థిరపడ్డాయి. తాడేపల్లిగూడెంలో మిల్లు చప్పుడు వింటూ పెరిగిన చెవికి ఇక్కడి మిల్లుల చప్పుడు పరాయిదిగా తోచదు.

ఒకప్పుడు తెలుగునాట రోలూ రోకలీ, ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఢేంకీ అనే కాలిరోకలీ ఈ పని చేసేవి. వాటి తరువాత హల్లరు వచ్చింది. అది ఊకనూ తవుడునూ ఒక్క రాపిడితో ఊడ్చివేసేది. ఆ ధాటికి గింజలు విరిగేవి. ఆ పైన వచ్చిన రబ్బరు రోలర్ల షెల్లరు మరింత నేర్పుగా పని చేస్తుంది. రెండు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతాయి. ఒకటి రెండవదాని కన్నా సుమారు 25 శాతం ఎక్కువ వేగంతో తిరుగుతుంది. వాటి నడుమ ఖాళీ వడ్లగింజ మందం కన్నా తక్కువ. రబ్బరు కాస్త లొంగి గింజను లోనికి రానిస్తుంది. వేగాలలోని తేడా ఊకను రెండు వైపులా లాగి విడదీస్తుంది. ఖాళీ మరీ బిగిస్తే గింజ నూక అవుతుంది, రబ్బరూ త్వరగా అరుగుతుంది. మరీ వదిలితే వడ్లు వడ్లుగానే దిగుతాయి. వేగంగా తిరిగే రోలరు ముందుగా అరుగుతుంది గనుక, అనుభవజ్ఞుడైన మిల్లు మేస్త్రీ అదను చూసి రెంటి స్థానాలనూ మారుస్తాడు.

ఇంత సున్నితమైన ఏర్పాటును నడిపించేది ఒక బెల్టు. పూర్వపు మిల్లుల్లో ఒకే ఇంజను, ఒకే పొడవాటి షాఫ్టు, దాని మీది నుంచి ఒక్కొక్క యంత్రానికి దిగే వెడల్పాటి బెల్టులు ఉండేవి. తరువాత యంత్రానికొక మోటారు, దానికి వీ బెల్టులు వచ్చాయి. బెల్టు మీద ‘బి 68’ అని ఉంటే, ‘బి’ అన్నది 17 మిల్లీమీటర్ల పైవెడల్పును, 68 అన్నది అంగుళాలలో లోపలి చుట్టుకొలతను తెలుపుతాయి. ఈ బెల్టు పుల్లీ గాడిలో పక్కగోడలను పట్టుకొని పని చేస్తుంది. అరిగి అడుగును తాకిందంటే పట్టు పోయినట్లే. అప్పుడు జారుతుంది, కాలుతుంది. రోలర్ల వేగంలోని తేడా చెడుతుంది. బెల్టు వదులైన సంగతిని బియ్యం కుప్పే బయటపెడుతుంది.

మార్చడంలోనూ ఒక మర్యాద ఉంది. తొందరపడి గునపంతో పుల్లీ మీదికి ఎక్కిస్తే కొత్త బెల్టు లోపలి పోగులు తెగుతాయి. మోటారును వదులు చేసి ముందుకు జరిపి, బెల్టును చేత్తో తొడిగి, మళ్లీ వెనక్కు లాగి బిగించాలి. పక్కపక్కన నాలుగు బెల్టులుంటే నాలుగింటినీ ఒకేసారి మార్చాలి. పాతవి సాగి ఉంటాయి గనుక, కొత్తదొక్కటే బరువంతా మోసి తెగిపోతుంది. పుల్లీల నడుమ మీటరు దూరం ఉంటే, మధ్యలో తగినంత బలంతో నొక్కినప్పుడు బెల్టు సుమారు 16 మిల్లీమీటర్లు దిగాలన్నది వాడుకలోని కొలత.

సీజనులో మిల్లు ఆపడానికి ఎవరికీ మనసొప్పదు. ప్రమాదం పొంచి ఉండేదీ అక్కడే. యంత్రం తిరుగుతుండగానే బెల్టు సరిచేయబోయి చేతులు పోగొట్టుకొన్నవారి అనుభవం నుంచే చట్టాలు పుట్టాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, తిరిగే యంత్రం దగ్గర అటువంటి పని చేసేవాడు ప్రత్యేక శిక్షణ పొందిన వయోజనుడై, ఒంటికి బిగుతుగా అంటిన దుస్తులు ధరించి ఉండాలని శాసించింది. వేలాడే కండువా చివర ఒక్కటి చాలు, పుల్లీ మనిషిని లోనికి లాగడానికి. విరిగిన గింజకు నూక ధరైనా వస్తుంది. తెగిన వేలికి ధర కట్టేవారెవరు?

గుఢియారీ సందుల్లో బస్తాల నడుమ దూసుకుపోయే గేరు లేని స్కూటర్ల కడుపులోనూ బెల్టే ఉంది. దాని పుల్లీలు వేగాన్ని బట్టి విచ్చుకొని ముడుచుకొంటాయి. ఇదే సూత్రం వేల మైళ్ల అవతల మంచుకొండల మీదా నడుస్తున్నది. కెనడాలో 1959లో బొంబార్డియే సంస్థ స్కీ-డూ అనే మంచుబండిని విపణిలోకి తెచ్చింది. కొండలెక్కే నేటి మంచుబండ్లలో బరువు తగ్గించే యత్నంలో పక్కమూతకూ పుల్లీలకూ నడుమ చెయ్యి పెట్టడానికి చోటు మిగలడం లేదు. బెల్టు తెగితే చలిలో నిలబడి వేడెక్కిన పుల్లీలను చల్లారనిచ్చి, రబ్బరు ముక్కలను ఏరి, వెనుక పుల్లీ పళ్లేలను ఎడం చేసి కొత్తది తొడగాలి. అందుకే అక్కడి రౌతు అదనపు బెల్టు లేనిదే కొండ ఎక్కడు.

మిల్లరు కూడా సీజనుకు ముందే అదనపు బెల్టుల జత తెచ్చి గోడకు తగిలిస్తాడు. మంచుకొండ మీద ఆగితే ఒక్కడి ప్రయాణం ఆగుతుంది. మిల్లు ఆగితే లారీలు, హమాలీలు, గోదాములు వరసగా ఆగుతాయి. గుఢియారీలో బస్తా విప్పి గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకొని చూసే వ్యాపారి, తనకు తెలియకుండానే ఎక్కడో ఒక మేస్త్రీ పనితనాన్ని చూస్తున్నాడు. విరగని గింజ ప్రతి ఒక్కటీ, సరైన వేళ మిల్లు ఆపి సరైన బిగువుతో బెల్టు తొడిగిన ఆ చేతులకు సాక్ష్యం.