హుజూరాబాద్‌లో రెండు తెలుపులు

కరీంనగర్ నుంచి వరంగల్ పోయే బస్సులో కిటికీ సీటు దొరికిందా? అయితే హుజూరాబాద్‌లో ఫోన్ పక్కన పెట్టి గోడలు చూడండి. పాత పెంకుటిళ్లకు సున్నం, కింద ఎర్రటి జాజు పట్టీ. తెలుపు మెరవాలని సున్నంలో కాస్త నీలిమందు కలిపేవాళ్లు. కొత్త స్లాబ్ ఇళ్ల లోపలికి పోతే ఎక్కువగా రెండే రంగులు: ఐవరీ, లేదంటే బూడిద ఛాయ ఉన్న ఆఫ్ వైట్. షేడ్ కార్డులో పక్కపక్కనే ఉంటాయి. "రెండూ ఒక్కటే గదా" అనిపిస్తది. లప్పం పెట్టిన గోడ మీద పడ్డాక తెలుస్తది తేడా.

మా బాపు కట్టించిన ఇంట్లో నేలంతా టాన్ బ్రౌన్ గ్రానైట్. కరీంనగర్ గుట్టల్లోంచి చైనా దాకా పోయే రాయి ఇది. దాని మీద ఎండ పడితే ఆ ఎరుపు గోడకెక్కుతుంది. హాల్లో ఐవరీ ఇంకా పసుపెక్కి కనిపించింది, ఆఫ్ వైట్ నిమ్మళంగా ఉంది. హాలు సంగతి అక్కడితో తేలిపోయింది.

చిక్కల్లా బాపమ్మ అర్రతోనే. కిటికీ ఉత్తరం వైపు. నేరుగా ఎండ రాదు, ఆకాశం వెలుతురే. అందులో ఆఫ్ వైట్ మబ్బు పట్టినట్టుంది. 6500 కెల్విన్ ట్యూబ్‌లైట్ వేస్తే మరీ ఆసుపత్రి వార్డే! 3000 కెల్విన్ బల్బు పెట్టాక కొంచెం నయం.

బాపమ్మకు ఒక కంట్లో శుక్లం తీశారు, రెండో కన్ను మిగిలింది. శుక్లం ముదిరితే కంటిలోని లెన్సు పసుపెక్కి నీలాన్ని అడ్డుకుంటుంది. తీసేశాక తెలుపులు ఒక్కసారిగా నీలంగా తోస్తాయి. రెండు శాంపిల్ అట్టలను గోడకు ఆనించి, ఒక్కో కన్ను మూసి చూసింది.

"ఈ కంటికి రెండూ ఒక్కటే. ఈ కంటికి గిదేమో తెల్లగుంది, గదేమో సల్లగుంది."

ఏ కన్ను మాట వినాలి? రేపు రెండు కళ్లూ ఆపరేషన్ అయిన కంటిలాగే చూస్తాయి కాబట్టి ఐవరీయే ఖాయం చేశాం. స్కర్టింగ్, దర్వాజ చౌకట్టు మాత్రం ముదురు రంగులో ఉంచమన్నాను. చూపు మందగించినవాళ్లకు గోడ ఎక్కడ ఆగి నేల ఎక్కడ మొదలైందో తెలియాలి. జాజు పట్టీ ఆ పని ఎప్పటినుంచో చేస్తోంది.

మీరూ రంగు కొనే ముందు పెద్ద అట్ట మీద రెండు కోట్లు వేసి, ఆరాక పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు కింద చూడండి. ఫోన్ ఫొటో నమ్మకండి, కెమెరా తెలుపును తనకు నచ్చినట్టు సరిదిద్దుకుంటుంది.

రెండో ఆపరేషన్ ఇంకా కాలేదు. ఆఫ్ వైట్ అట్టను పారేయనివ్వకుండా బాపమ్మ మంచం కింద దాచుకుంది.