బియాస్‌ని రోడ్డు మీంచే చూశా!

మండి దాటి మనాలి వెళ్తున్నాం. రోడ్డు పక్కనే బియాస్. మధ్యలో తెల్లటి బండరాళ్లు, వాటి చుట్టూ మోకాలి లోతైనా లేని నీళ్లు. ‘‘భయ్యా, ఐదు నిమిషాలు ఆపండి, ఫొటో దిగొస్తాం’’ అన్నాం. డ్రైవర్ ఆపాడు కానీ కిందికి దిగనివ్వలేదు. ‘‘పైన డ్యామ్ ఉంది. గేట్లెత్తితే పరిగెత్తే టైమ్ కూడా ఉండదు’’ అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. 2014 జూన్ 8 సాయంత్రం, హైదరాబాద్ నుంచి టూర్‌కొచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులు ఈ దారిలోనే ఇలాంటి రాళ్ల మీదికి దిగారు. లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు ముంచెత్తాయి. 24 మంది విద్యార్థులు, టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. ఇంక దిగుదామని ఎవరం అనలేదు.

మనాలిలో కుళాయి కింద చెయ్యి పెడితేనే వేళ్లు కొంకర్లు పోయాయి. అంత చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే మన ప్రమేయం లేకుండానే గట్టిగా ఊపిరి పీల్చేస్తాం. ఆ క్షణంలో తల మునిగితే నీళ్లే లోపలికి పోతాయి. ఈత వచ్చినా కాసేపటికి కాళ్లూచేతులూ మాట వినవు.

మీరూ వెళ్తుంటే ఇవి గుర్తుంచుకోండి. ఎండకి మంచు కరిగి, పొద్దున తేలిన రాయి సాయంత్రానికి మునగొచ్చు. డ్యామ్ దిగువనైతే వాన లేకపోయినా నీళ్లొస్తాయి. సైరన్ వినిపిస్తే బ్యాగులు వదిలేసి గట్టెక్కండి. సైరన్ లేదని ధీమా వద్దు. ఎవరైనా పడితే వెంట దూకకండి, తాడో చున్నీయో విసరండి. మీరే పడితే వెల్లకిలా తేలుతూ కాళ్లు ప్రవాహం వైపు పెట్టండి. లోతు నీళ్లలో నిలబడబోతే పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది.

నా ఫోన్‌లో బియాస్ ఫొటో ఒక్కటే ఉంది, రోడ్డు మీంచి తీసింది. అమ్మకి అదే పంపా.