మాటకో బొమ్మ

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు కాస్త తీరిక దొరికితే చేతిలోకి వచ్చేది ఫోనే. సినిమా చూసేవాళ్లు సినిమా చూస్తారు, ఇంటికి మాట్లాడేవాళ్లు మాట్లాడుకుంటారు. అదే ఫోను మీద వేలితో బొమ్మలు వేసి నలుగురికీ పంపుకునే సరదా కూడా ఒకటుంది. దోహాలో, అల్ హిలాల్‌లో ఇంటి డ్రైవర్‌గా పనిచేస్తున్న నాకు రెండేళ్లుగా అది అలవాటైంది. దాని సంగతి మన పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

డ్రైవర్ పనిలో బండి నడిపేది కొంత, కాచుకొని కూర్చునేది ఎక్కువ. బడి గేటు దగ్గర అరగంట, ఆస్పత్రి దగ్గర గంట, షాపింగ్ మాల్ దగ్గర చెప్పలేం. ఆ సమయంలో బొమ్మ వేద్దామనుకుంటే మొదట ఎదురయ్యే చిక్కు 'ఏం వేయాలి?' అన్నదే. ఆ చిక్కు తీర్చడానికే రోజుకో మాట ఇచ్చే పద్ధతి వచ్చింది. అమెరికా చిత్రకారుడు జేక్ పార్కర్ 2009లో 'ఇంక్‌టోబర్' మొదలుపెట్టాడు. అక్టోబరులో 31 రోజులూ రోజుకో సిరా బొమ్మ వేసి పంచుకోవడం దాని నియమం. తర్వాత తర్వాత ఏ రోజు ఏ మాటకు వేయాలో జాబితా కూడా ఇవ్వసాగారు. మనకిది మరీ కొత్త కాదు. అవధానంలో పృచ్ఛకుడు సమస్య ఇస్తే అవధాని పద్యంతో పూరిస్తాడు. ఇక్కడ మాట ఇస్తారు, మనం బొమ్మతో పూరిస్తాం. అంతే తేడా.

ఖర్చు ఏమీ లేదు. ఐబిస్ పెయింట్, స్కెచ్‌బుక్ వంటివి ఫోనులో ఉచితంగా దొరుకుతాయి. రంగులు కొనక్కర్లేదు, కాగితాలు దాచుకోను చోటు వెతుక్కోనక్కర్లేదు. గీత తప్పితే ఒక్క నొక్కుతో వెనక్కి పోతుంది. 'లేయర్' అంటే ఒకదాని మీద ఒకటి పెట్టిన అద్దాలనుకోండి. కింది అద్దం మీద గోడ, పై అద్దం మీద మనిషి. మనిషిని చెరిపినా గోడ చెదరదు. ఇది తెలిస్తే సగం పని వచ్చినట్టే. బండి ఆగి ఉన్నప్పుడే వేయాలి సుమా!

మా ఊరివాళ్లం, తలా ఒక దేశంలో ఉన్నవాళ్లం, వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. వారానికొకరు వంతు తీసుకుని ఏడు మాటలు తెలుగులోనే ఇస్తారు. ఒకసారి 'నీడ' అన్న మాట వచ్చింది. ఖతర్‌లో ఎండాకాలం, జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని చేయించకూడదని నిబంధన ఉంది. కట్టడం పనిలో ఉన్న తమ్ముడు ఆ వేళ లారీ నీడలో వరుసగా పడుకున్న మనుషులను వేసి పంపాడు. ముఖాలు లేవు, కాళ్లే ఉన్నాయి. ఆ రోజు గ్రూపులో ఎవరూ జోకులు వేయలేదు.

ఇంకోసారి 'కిటికీ' వచ్చింది. ఒకరు పూలకుండీ వేశారు, ఒకరు చందమామను వేశారు. నేను మా గది కిటికీ వేశాను. అందులో ఏసీ డబ్బా బిగించి ఉంటుంది, మిగిలిన సందుకు అట్టముక్క, కింద కారే నీళ్లకు బకెట్టు. ఆ బొమ్మ ఇంటికీ పంపాను. మా ఇంటామె వెంటనే అడిగింది, "గదే కిటికీనా? మరి బయటేం కనవడ్తది?" నేనిక్కడికి వచ్చి ఆరేళ్లు. కార్నిష్ దగ్గర, పెద్ద బిల్డింగుల ముందు దిగిన ఫొటోలు ఎన్నో పంపాను. వాటిని చూసి ఆమె "బాగున్నవ్" అనేది, అంతటితో మాట అయిపోయేది. ఈ బొమ్మ చూశాక మాత్రం ఒక గంట మాట్లాడుకున్నాం. వంట ఎక్కడ, బట్టలు ఎక్కడ ఆరేస్తావు, చలికాలం ఎట్లా అని ఒక్కొక్కటీ అడిగింది. ఇప్పుడు మా పాప కూడా నాకు మాటలిస్తోంది. మొన్న ఇచ్చిన మాట 'నాన్న పళ్లెం'.

ఫొటో అంటే మనం సర్దుకుని నిలబడతాం. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఇచ్చిన మాట మనల్ని తిన్నగా మన గదిలోకే తీసుకుపోతుంది. ఇంకో సంగతి. ఇక్కడ ఒకరి ఫొటో వాళ్ల అనుమతి లేకుండా తీసి పంచడం నేరం. బొమ్మలో కూడా యజమాని ఇంటివాళ్లను, పిల్లలను గుర్తుపట్టేలా వేయకపోవడమే మర్యాద. మన చెప్పులు, మన గిన్నెలు, మన మంచం వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బొమ్మలు మనకెందుకు అనేవాళ్లకు ఒక పేరు చెబుతాను. ఎం.ఎఫ్. హుస్సేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్న మనిషి. 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకున్నాడు, 2011లో కన్నుమూశాడు. 2025 నవంబరులో ఎడ్యుకేషన్ సిటీలో ఆయన పేర 'లౌహ్ వ కలం' అనే మ్యూజియం తెరిచారు. అల్ మతార్ అల్ ఖదీమ్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి ముషైరిబ్‌లో మారితే అటు పోవచ్చు. సెలవు దొరికినవాళ్లు చూసి రండి.

మనం హుస్సేన్‌లం కానక్కర్లేదు. గీతలు వంకర పోతే పోనీయండి. మొదటి మాట నేనే ఇస్తాను: 'చెప్పులు'. మీ గది గుమ్మం ముందు విడిచిన జతలు ఎన్నో చూసి వేయండి. వేసి, ముందుగా ఇంటికి పంపండి.