పనిముట్టు మారినా మమకారం మారునా?

మమకారమంటే ధనం మీదనో గృహం మీదనో గల ప్రీతి మాత్రమేనని సాధారణంగా భావిస్తారు. వేదాంతదృష్టిలో దాని వ్యాప్తి ఇంకా అధికం. అహంకారం దేనిని ఆశ్రయించి 'నేను ఫలానా' అని నిలబడుతుందో, దాని చుట్టూ 'ఇది నాది' అన్న భావం అల్లుకుంటుంది. అది పొలం కావచ్చు, పదవి కావచ్చు, పాండిత్యం కావచ్చు. నేటి కార్యాలయంలో అది ఏళ్ళ తరబడి నింపుకుంటూ వచ్చిన ఒక ఎక్సెల్ పట్టిక కూడా కావచ్చు.

బల్కంపేటలో నివసించే ఒక గృహస్థుకు ఈ సత్యం ఉద్యోగధర్మంలోనే బోధపడింది. అతడు పనిచేసే సంస్థలో ఒకేసారి నలభైకి పైగా ప్రాజెక్టులు నడుస్తాయి. ప్రతి విభాగాధిపతికీ తన పట్టిక తనది, తన లెక్క తనది. అన్నిటినీ ఒకే తెరపై చూపే పోర్ట్‌ఫోలియో నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను తేవాలని యాజమాన్యం నిశ్చయించి, ఆ పరివర్తనను నడిపించే భారం అతనిపై ఉంచింది.

పోర్ట్‌ఫోలియో అన్న భావన ధనవినియోగ శాస్త్రానిది. ఏ పెట్టుబడినీ విడిగా తూచరాదనీ, తక్కిన వాటితో కలిసినప్పుడు మొత్తం లాభనష్టాలకు అది ఏమి చేరుస్తుందో చూడాలనీ 1952లో హ్యారీ మార్కోవిట్జ్ ప్రతిపాదించాడు. 1981లో హార్వర్డ్ ఆచార్యుడు వారెన్ మెక్‌ఫార్లన్ ఆ దృష్టిని కంప్యూటరు ప్రాజెక్టులకు అన్వయించాడు. సాఫ్ట్‌వేర్ చేసే పని ఇదే. నీవు ఏ లక్ష్యం కోసం? నీకెంత ధనం? ఎవరి కాలం ఎంత? నీలో ప్రమాదమెంత? అని ప్రతి ప్రాజెక్టునూ అడుగుతుంది. ఒకే ఉద్యోగి కాలాన్ని మూడు ప్రాజెక్టులవారు తలా 60 శాతం చొప్పున వ్రాసుకుంటే విడివిడి పట్టికలలో దోషం కనబడదు. ఒకే తెరపై అది 180 శాతమని తేలుతుంది. వ్యష్టిని సమష్టిలో ఉంచి చూడడమే దీని సారం. వ్యష్టికి నొప్పి కలిగేదీ అక్కడే.

సాధనాన్ని నేర్చుకోవడం కష్టం కాలేదు. బల్కంపేటకు ఆనుకొని ఉన్న అమీర్‌పేటలో, మైత్రీవనం పరిసరాలలో, ఏ సాఫ్ట్‌వేరునైనా కొన్ని వారాలలో నేర్పే శిక్షణాలయాలు వీధి వీధికీ ఉన్నాయి. సంస్థలోనివారూ శిక్షణ పొందారు, పరీక్షలు నెగ్గారు. రెండు నెలలు గడిచాయి. తెర మీద అన్ని ప్రాజెక్టులూ ఆకుపచ్చగానే మెరుస్తున్నాయి. అంతా సవ్యంగా ఉన్నందువల్ల కాదు. ప్రతివారూ పాత పట్టికలోనే నిజమైన లెక్క వ్రాసుకొని, శుక్రవారం సాయంత్రం తమకు అనుకూలమైన అంకెలను మాత్రం క్రొత్త సాఫ్ట్‌వేరులోకి ఎక్కిస్తున్నారు.

వారిలో వయోవృద్ధుడైన ఒక విభాగాధిపతి దాచుకోకుండా మాట్లాడాడు. "బాబూ, పదిహేనేళ్ళుగా ఏ వివరం కావాలన్నా నా బల్ల దగ్గరికి వచ్చేవారు. ఇకమీద అది తెరలో కనబడుతుంది. నా దగ్గరికి ఎవరొస్తారు?" ఆ మాటలో సాఫ్ట్‌వేరు మీద ద్వేషం లేదు. తన అవసరం తీరిపోతుందేమోనన్న భయం ఉన్నది. శిక్షణాలయం బోధించగలిగేది మీటలు నొక్కడాన్నే. ఈ భయానికి అక్కడ పాఠం లేదు.

ఇటువంటి సందర్భం తెలుగునేలకు క్రొత్త కాదు. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రిజిస్ట్రేషన్ శాఖలో 'కార్డ్' అనే కంప్యూటరు వ్యవస్థను ఆరంభించింది. అంతకు పూర్వం దస్తావేజులను పెద్ద పుస్తకాలలో చేతితో నకలు వ్రాసేవారు; ఒక ఆస్తిపై భారాలున్నవో లేవో తెలిపే ధ్రువపత్రం కోసం ఏళ్ళనాటి పుస్తకాలు తిరగవేయవలసి వచ్చేది. కంప్యూటరు ఆ శ్రమను ఎంతో తగ్గించింది. అయితే 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో జొనాథన్ కేస్లీ ప్రకటించిన అధ్యయనం మరొక పార్శ్వాన్ని చూపింది. దస్తావేజు లేఖరుల మధ్యవర్తిత్వం, దానితోపాటు అనధికారపు చెల్లింపులు కొనసాగుతూనే ఉన్నాయని ఆ అధ్యయన సారాంశం. ఉపాధి మారింది, వాసన మారలేదు. యంత్రం చుట్టూ ఉన్న సంబంధాలు యథాతథంగా ఉంటే, పాత కర్మ క్రొత్త దేహంలో ప్రవేశించినట్లే అవుతుంది.

మరి కర్తవ్యమేమి? భగవద్గీత మూడవ అధ్యాయంలోని 26వ శ్లోకం ఇక్కడ స్మరణీయం. కర్మయందు ఆసక్తులైనవారి బుద్ధిని జ్ఞాని చెదరగొట్టరాదనీ, తాను యోగయుక్తుడై చక్కగా ఆచరిస్తూ వారిచేత కూడా చేయించాలనీ దాని తాత్పర్యం. 'ఇది నేను చేయవలసినది, దీని ఫలం నాకు చెందవలసినది' అన్న నిశ్చయాన్ని కదిలించడమే బుద్ధిభేదమని శంకర భగవత్పాదులు వివరించారు. దీనిని 'వారిని అలాగే వదిలివేయండి' అని అర్థం చేసుకోవడం పొరపాటు. శ్లోకంలో నిషేధంతోపాటు విధి కూడా ఉన్నది. 'మీ పదిహేనేళ్ళ పద్ధతి తప్పు' అని సభలో ప్రకటించడం బుద్ధిభేదం. ముందుగా తాను ఆచరించి చూపడం లోకసంగ్రహం.

అందువల్ల ఆ గృహస్థు ఉపన్యాసాలు మానుకున్నాడు. ముందుగా తన బాధ్యతలోని ప్రాజెక్టునే దాని ఆలస్యంతో సహా సాఫ్ట్‌వేరులో వ్రాశాడు. తెరపై మొట్టమొదటి ఎరుపు గుర్తు అతనిదే. ఎరుపు కనబడినప్పుడు 'ఎందుకు చేశావు' అని గాక 'ఏ సహాయం కావాలి' అని మాత్రమే అడగాలని యాజమాన్యాన్ని ఒప్పించాడు. సమీక్షా సమావేశాలలో ఆ తెర తప్ప మరే పట్టికనూ తెరవరాదన్నది రెండవ నియమం. మూడు నెలలు రెండు పద్ధతులూ సాగాక, ఒక నిర్ణీత దినాన పాత పట్టికలకు సెలవన్నది మూడవది.

వృద్ధుని విషయంలో అతనికి దారి చూపినది బల్కంపేట ఎల్లమ్మ. బావి త్రవ్వుతుండగా అమ్మవారి మూర్తి బయల్పడిందనీ, పైకి తీయబోతే కదలలేదనీ, అందుచేత ఉన్నచోటనే పూజలు ఆరంభమయ్యాయనీ స్థలపురాణం. నేటికీ మూర్తి నేలమట్టానికి సుమారు 10 అడుగుల దిగువన ఉన్నది. ఆలయం విస్తరించింది, ప్రాకారాలు మారాయి, అమ్మవారు కదలలేదు. దేనిని కదల్చవచ్చునో, దేని చుట్టూ కట్టుకోవాలో తెలియడమే వివేకం. వృద్ధుని పట్టిక కదల్చదగినది. ఏ పనికి ఎన్ని దినాలు నిజంగా పడతాయో, ఏ గుత్తేదారు మాట నమ్మదగినదో తెలిసిన అతని అనుభవం కదల్చదగినది కాదు. కనుక అంచనాలను సరిచూసే అధికారాన్ని అతనికే అప్పగించారు. అతడు సరే అననిదే ఏ క్రొత్త ప్రాజెక్టు కాలపరిమితీ తెరకెక్కదు.

అంతటితో కథ సుఖాంతం కాలేదు. సమష్టి లెక్క తేలినప్పుడు నిలిపివేయవలసిన రెండు ప్రాజెక్టులలో ఒకటి ఆ వృద్ధునిదే అయింది. ఆ వార్త తెర ద్వారా అతనికి చేరరాదని గృహస్థు స్వయంగా వెళ్ళి చెప్పాడు. వృద్ధుడు అంగీకరించలేదు, సమావేశంలో తన వాదం వినిపించాడు, సభ్యులు ఓపికగా విన్నారు, అయినా ప్రాజెక్టు ఆగింది. పాత పట్టిక నేటికీ అతని కంప్యూటరులో ఉన్నది. కాని శుక్రవారం అంకెలు ఇప్పుడు నిజమైనవి. అంచనాల కోసం అతని బల్ల దగ్గరికి మునుపటికన్నా ఎక్కువమందే వస్తున్నారు.

సూక్ష్మమైన విషయం మరొకటి మిగిలింది. ఇటీవల ఎవరైనా ఆ సాఫ్ట్‌వేరును విమర్శిస్తే గృహస్థుకు మనసు చివుక్కుమంటున్నది. 'నేను తెచ్చినది' అన్న మాట నాలుక చివరకు వస్తున్నది. పదిహేనేళ్ళ పట్టికను ఆశ్రయించిన మమకారం ఒకచోట సడలి, ఏడాది నిండని తెరను మరొకచోట పట్టుకున్నది. కొన్నేళ్ళకు దీనికన్నా మేలైన సాధనం రాక తప్పదు. దానిని తెచ్చే యువకుడు ఎవరో ఇతని బల్ల ముందు నిలబడతాడు. ఆ దినాన ఏమి చెప్పాలో గృహస్థు ఇప్పటినుండే అభ్యసిస్తున్నాడు.