మన ఇంగ్లీషు – 7: పబ్లిక్ ప్లేస్ వేరు, పబ్లిక్ వ్యూ వేరు



ఎఫెక్ట్‌కీ అఫెక్ట్‌కీ తేడా ఏ కోచింగ్ సెంటర్లో అయినా చెప్తారు. మనవాళ్ల కేసులు ఏ మాట దగ్గర వీగిపోతున్నాయో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఈ రోజు 'పబ్లిక్ ప్లేస్', 'పబ్లిక్ వ్యూ'.

1989 అట్రాసిటీ చట్టం తీసి సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) చదవండి. పాత తీర్పుల్లో 3(1)(10) అని కనిపించేది ఇదే. కులం పేరుతో తిట్టడం, అవమానించడం 'పబ్లిక్ వ్యూ'లో ఉన్న చోట జరగాలని అక్కడుంది. 'పబ్లిక్ ప్లేస్' అని లేదు. ప్లేస్ అంటే ఆ జాగా ఎవరిదన్న లెక్క: రోడ్డు, బస్టాండు, పంచాయతీ ఆఫీసు. వ్యూ అంటే జనం కంటికీ చెవికీ అందిందా అన్న లెక్క. తెలుగులోకి వచ్చేసరికి రెండూ 'బహిరంగ ప్రదేశం' అయి కూర్చుంటాయి. స్టేషన్లో రైటర్ అలాగే రాస్తాడు, మనం సంతకం పెడతాం. రేపు కోర్టులో అవతలి వకీలు లేచి, "అది మా క్లయింట్ సొంత వాకిలి, బహిరంగ ప్రదేశం ఎలా అవుతుంది?" అంటాడు.

దీనికి జవాబు 2008లోనే వచ్చింది. స్వరణ్ సింగ్ కేసు. ఢిల్లీలో ఒక డ్రైవర్‌ని ఇంటి గేటు దగ్గర, కారు పక్కన నిలబడి ఉండగా కులం పేరుతో తిట్టారు. ఈ రెండు మాటల్నీ కలిపేయొద్దని సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. సొంత స్థలమే అయినా రోడ్డు మీదవాళ్లకు కనిపించే చోటైతే అది పబ్లిక్ వ్యూ. ఇంటి లోపలైనా బయటివాళ్లు ఉంటే పబ్లిక్ వ్యూనే. ఆ ఉన్నవాళ్లు చుట్టాలూ స్నేహితులూ మాత్రమే అయితే చాలదు.

2020లో హితేశ్ వర్మ కేసులో ఇదే మాట మనకి అడ్డం తిరిగింది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు లేనప్పుడు తిడితే ఈ సెక్షన్ వర్తించదన్నారు. మన ఇంట్లోకొచ్చి మనల్ని తిడితే చూసినవాడు లేడు కాబట్టి అవమానం కాదా? నేనైతే ఒప్పుకోను. కానీ కేసు నడిచేది ఆ తీర్పు మీదే.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎవరికైనా ఫిర్యాదు రాసిపెట్టేటప్పుడు 'బహిరంగంగా దూషించాడు' అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకండి. ఎక్కడ నిలబడి అన్నాడు, ఏ మాట అన్నాడు, ఆ సమయానికి అక్కడ ఎవరెవరున్నారు, వాళ్లు మీకు ఏమవుతారు, రోడ్డు మీదికి వినిపించిందా, అన్నీ రాయండి. ఎఫ్ఐఆర్ మీకు చదివి వినిపించాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆ కాపీలో మీరు చెప్పిన సాక్షుల పేర్లు ఉన్నాయో లేదో స్టేషన్ గడప దాటకముందే చూసుకోండి.