చిన్నకోడలి గది

నవల తెరకెక్కినప్పుడు చదువరి మొదట లెక్క చూచుకొంటాడు: ఏది పోయినది, ఏది మిగిలినది అని. బిమల్ మిత్ర వంగభాషలో రచించిన ‘సాహెబ్ బీబీ గులాం’ విషయంలో ఈ లెక్క పెద్దదే. 1953లో వెలువడిన ఆ నవలలో పాత కలకత్తా నగరమంతా కదలాడుతుంది. 1962లో గురుదత్ నిర్మించగా అబ్రార్ అల్వీ దర్శకత్వం వహించిన హిందీ చిత్రం ఆ నగరాన్ని చాలవరకు వదలి ఒక్క గదిని పట్టుకొన్నది. అది జమీందారుగారి మహలులో చిన్నకోడలి గది. నవలాభిమానులు దీనిని నష్టమంటారు. నేను లాభమనే అంటాను.

పల్లె నుండి వచ్చిన భూతనాథుడు మోహినీ సిందూరం తయారుచేసే కార్ఖానాలో కొలువు సంపాదించి, ఆ మహలులో తలదాచుకొంటాడు. విగ్రహారాధనను కాదనే బ్రాహ్మసమాజికుడే ఈ మహిమగల సిందూరాన్ని అమ్మడం కథలోని చిన్న చమత్కారం. ఆ సిందూరం భర్తను ఇంటికి రప్పిస్తుందని విన్న చిన్నకోడలు భూతనాథుణ్ణి పిలిపిస్తుంది. అతడు తల ఎత్తడు. అతనికి కనబడినంతే మనకూ కనబడుతుంది: తివాచీ, దాని మీద పారాణి పెట్టిన పాదాలు. గొంతు వినబడుతుంది, పేరు అడుగుతుంది. చాలాసేపటికి గాని అతడు కన్నులెత్తడు. అప్పుడు మీనాకుమారి ముఖం. వి.కె. మూర్తి ఛాయాగ్రహణం ఎంత మెచ్చుకొన్నా చాలదు గాని, ఇక్కడ గొప్పతనం వెలుతురులో కన్న ఆ ఆలస్యంలో ఉన్నది. పరాయి పురుషుడు అడుగు పెట్టరాని చోటికి మనమూ అతనితోపాటు బెదురుతూ ప్రవేశించాము.

ఆమె కోరినదల్లా భర్త రాత్రి ఇంట ఉండటం. ఏ పూరిపాకలోనైనా అది కోరికగా లెక్కకే రాదు. ఆ మహలులో మాత్రం అది విపరీతం. మగవారు రాత్రులు వేశ్యాగృహాలలో గడపడం అక్కడ వంశమర్యాద. తోడికోడళ్లు నగలు చేయించుకొంటారు, చెరిపించి మళ్లీ చేయిస్తారు. నీవూ అట్లాగే కాలక్షేపం చేయరాదా అని భర్త నిజంగానే ఆశ్చర్యపోతాడు. రెహమాన్ ఈ పాత్రను దుర్మార్గునిగా నటించలేదు, తెలియనివానిగా నటించాడు. అందువల్లనే అది మరింత భయంకరం.

అతణ్ణి నిలుపుకోవడానికి ఆమె మద్యం ముట్టుకొంటుంది. పూజాగృహం తప్ప వేరు లోకం ఎరుగని ఇల్లాలు పాతివ్రత్యం కోసమే పాతివ్రత్యపు గడప దాటుతుంది. భర్తను వెళ్లవద్దని వేడుకొనే పాటలో గీతాదత్ గొంతు మత్తుతో తూలుతుంది గాని బిచ్చమెత్తదు. అది హక్కుగా అడిగే గొంతు. తరువాత భర్త పక్షవాతంతో మంచం పట్టి, ఇక మానివేయమంటాడు. అప్పటికి తాగుడు ప్రేమ కోసం కాక తన కోసమే నిలిచిపోయినది.

భూతనాథునికీ ఆమెకూ గల అనుబంధానికి పేరు లేదు. గురుదత్ స్వయంగా ధరించిన ఆ పాత్ర కాపాడలేదు, విడిచిపోలేదు. చిత్రం విడుదలయ్యాక, బండిలో ఆమె అతని ఒడిలో తలవాల్చే ఘట్టాన్ని తీసివేశారని చెబుతారు. ప్రేక్షకులకు కూడా ఆ పేరులేనితనం భరించరానిది అయినది కాబోలు.

గడియారాల పిచ్చివాని పాత్రలో మన హైదరాబాదులో పుట్టిన హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ కనిపిస్తాడు. కాలం మింగివేస్తుందని అరిచే ఆ పాత్ర కొంచెం బిగ్గరగానే మాట్లాడుతుంది. మహలు గోడలే ఆ మాట చెప్పగలవు. నాకు అసలు నచ్చనిది జబ కథ. ‘రోజులు మారాయి’ (1955) నాటినుండి తెలుగువారెరిగిన వహీదా రెహమాన్ జబగా ఎంతో చలాకీగా నటించినది. కాని ఆమెయే భూతనాథుని చిన్ననాటి భార్య అని చివర తేలడం, పెద్ద దుఃఖం పక్కన చిన్న మిఠాయి పొట్లం పెట్టినట్లున్నది.

ఏండ్లు గడచినవి. భూతనాథుడు ఓవర్సీరై ఆ మహలునే పడగొట్టించడానికి వస్తాడు. తవ్వకంలో కూలీలకు ఒక అస్థిపంజరం, దాని చేతికి కంకణం కనబడతాయి. బావగారి మనుషులు ఆ రాత్రి బండిలోనుండి ఆమెను ఎక్కడికి తీసుకొనిపోయారో అప్పుడు తెలుస్తుంది. ఇల్లు వదలి ఎక్కడికీ పోలేదు.