నలుగురి ఇనుము

2020 మార్చి 16 రాత్రి 8 గంటలకు న్యూజెర్సీలో జిమ్ములన్నీ మూతపడ్డాయి. మళ్లీ తెరుచుకున్నది సెప్టెంబరు 1న, అదీ పాతిక శాతం మందినే లోపలికి రానిచ్చే షరతు మీద. మా అపార్టుమెంట్ల క్లబ్‌హౌస్‌లో ఉన్న చిన్న జిమ్ముకు కూడా ఆ వారమే తాళం పడింది. అద్దాల గది కాబట్టి, సాయంత్రం నడకకు వెళ్లినప్పుడల్లా లోపలి డంబెల్స్ కనిపిస్తూనే ఉండేవి. ఐదు పౌండ్ల నుంచి యాభై దాకా, రాక్ మీద వరస చెదరకుండా, ముట్టుకునే దిక్కు లేకుండా. అదే సమయంలో అమెరికా అంతటా జనం అవే డంబెల్స్ కోసం అర్ధరాత్రి దాకా ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఫలానా కొట్లో స్టాకు వచ్చిందని కబురు అందేసరికే సరుకు అయిపోయేది.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూసినప్పటి నుంచీ నాకు ఒకటే అనిపిస్తోంది. ఆ ఏడాది దేశంలో ఇనుము లేక ధర పెరగలేదు. ఉన్న ఇనుమంతా తాళాల వెనక, గరాజుల్లో, బేస్‌మెంట్లలో ఉండిపోయింది.

డంబెల్ తూకం మీద అమ్ముడయ్యే సరుకు. కరోనాకు ముందు పౌండు డాలరు, మహా అయితే డాలరున్నర. ఇరవై పౌండ్ల జత యాభై అరవై డాలర్లలో వచ్చేసేది. పాత సామాన్లు అమ్మే చోట అందులో సగానికే దొరికేది కూడా. ఏప్రిల్ వచ్చేసరికి కొట్లలో అరలు ఖాళీ. చేతులు మారి వచ్చే సరుకు పౌండు మూడు డాలర్లు పలికింది, ఒక్కోచోట అంతకు మించి. డయల్ తిప్పితే బరువు మారే బోఫ్లెక్స్ జత అంతకు ముందు మూడు నాలుగు వందల డాలర్లు ఉండేది. దానికి ఆరేడు వందలు అడిగేవాళ్లు, ఇచ్చేవాళ్లూ ఉండేవారు. ఇరవై ఏళ్లుగా గరాజులో తుప్పు పట్టిన ప్లేట్లను చీపురుతో దులిపి ఫోటో తీసి అమ్మకానికి పెడితే, గంటలో కారు వేసుకుని వచ్చి పట్టుకుపోయేవాళ్లు.

ఎందుకిలా అయిందో అర్థం కావాలంటే కెటిల్‌బెల్ ఎలా తయారవుతుందో చూడాలి. రష్యాలో ధాన్యం తూచే గుండ్లుగా మొదలైన సరుకు ఇది. అక్కడి పాత తూకం పూద్, అంటే పదహారు కిలోల పైచిలుకు. అందుకే ఇప్పటికీ కెటిల్‌బెల్స్ పదహారు, ఇరవై నాలుగు, ముప్పై రెండు కిలోల లెక్కన వస్తాయి. ఫౌండ్రీలో తడి ఇసుకను దట్టించి అచ్చు చేస్తారు. కరిగిన ఇనుము అందులో పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొడితే లోపల్నుంచి నల్లటి గుండు బయటపడుతుంది, పిడి లోపలి వైపున అతుకు గీత పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ గీతను గ్రైండర్‌తో రుద్ది నున్నగా చెయ్యాలి. సరిగ్గా రుద్దకపోతే, కొన్నవాడు పదిసార్లు ఊపేసరికి అరచేతి తోలు లేచిపోతుంది. చూడ్డానికి మొరటు వస్తువే గానీ చెయ్యడంలో ఒడుపు ఉంది. ఎక్కడ పడితే అక్కడ, రాత్రికి రాత్రి మొదలుపెట్టే పని కాదు.

ఆ పనిలో ఎక్కువ భాగం చైనా ఫౌండ్రీలదే. 2020 జనవరి చివర తమ దేశపు కొత్త సంవత్సరం సెలవులకు మూసినవి, కరోనా వల్ల మరికొన్ని వారాలు తెరుచుకోలేదు. ఇటు అమెరికా కొట్లవాళ్ల లెక్క వేరు. ఇక్కడ వ్యాయామ సామగ్రికి గిరాకీ అంతా జనవరిలోనే, కొత్త ఏడాది తీర్మానాల వేడి మీద. మార్చికల్లా ఎండ వస్తుంది, జనం బయట పరిగెడతారు, కాబట్టి స్టాకు తగ్గించేస్తారు. సరిగ్గా ఆ సందులో దేశం మొత్తం ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. ఒహాయోలోని కొలంబస్ నుంచి నడిచే రోగ్ కంపెనీ, మిషిగన్‌లోని కాడిలాక్ అనే ఊళ్లో కార్ల విడిభాగాలు పోతపోసే ఫౌండ్రీ చేత కెటిల్‌బెల్స్ పోయించుకుంది. కార్ల ఫ్యాక్టరీలు ఆగిపోయిన వేళ ఆ కొలిమి ఇందుకు పనికొచ్చింది. ఆ ఏడాది వార్తల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

ఓడల రేట్లు పెరిగాయి కాబట్టే ధర పెరిగిందని చాలామంది ఇప్పటికీ అంటారు. ఆ మాట కాస్త లెక్క వేసి చూద్దాం. అమెరికా హైవేల మీద లారీ, సరుకు అంతా కలిపి 80,000 పౌండ్లు దాటకూడదు. లారీ బరువూ కంటైనర్ బరువూ తీసేస్తే సరుకుకు మిగిలేది సుమారు 44,000 పౌండ్లు. డంబెల్స్ నింపితే కంటైనర్‌లో మూడొంతుల చోటు ఖాళీగా ఉండగానే బరువు నిండిపోతుంది. షాంఘై నుంచి లాస్ ఏంజెలెస్‌కు నలభై అడుగుల కంటైనర్ కిరాయి కరోనాకు ముందు సుమారు 1,500 డాలర్లు. 2021 సెప్టెంబరులో అది 12,000 దాటింది, ఓడలు రేవు బయట వారాల తరబడి లంగరు వేసుకుని నిలబడ్డాయి. నిజంగా భయపెట్టే అంకెలే. కానీ పౌండు లెక్కన పంచితే పెరిగింది పావు డాలరు కూడా కాదు. పైగా 2020 ఏప్రిల్లో డంబెల్ ధర రెట్టింపు, మూడింతలు అయినప్పటికి ఓడ కిరాయి ఇంకా పెరగనే లేదు. మిగతా డాలరున్నరా జనం భయం నుంచీ, ఆ భయాన్ని పసిగట్టి కొట్లన్నీ ఊడ్చి తెచ్చి మళ్లీ అమ్ముకున్నవాళ్ల నుంచీ వచ్చింది. సరుకు చేసినవాడు శ్రమకు ధర అడిగితే అడగనీ. కొన్న పెట్టె విప్పకుండానే మూడింతలకు అమ్మినవాణ్ని నేను క్షమించలేను.

న్యూజెర్సీ చట్టం ప్రకారం అత్యవసర పరిస్థితి ప్రకటించాక జనానికి కావలసిన సరుకుల ధర పది శాతానికి మించి పెంచకూడదు. ఆ మాట వినగానే మనకు మాస్కులు, శానిటైజర్లు, పాలు, గుడ్లు గుర్తొస్తాయి. డంబెల్ గుర్తు రాదు. ముఖ్యంగా మనవాళ్ల విషయంలో అదీ ఆ వరసలోదేనని నా నమ్మకం.

మసాలా అని ఒక అధ్యయనం ఉంది. షికాగోలోనూ శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోనూ ఉంటున్న దక్షిణాసియా వాళ్ల గుండె, రక్తనాళాల తీరును 2010 నుంచి గమనిస్తూ వస్తున్నారు. మనలో మధుమేహం ఇక్కడి చాలా జాతుల కంటే ఎక్కువ. సన్నగా కనిపించే మనిషికి కూడా కాలేయంలో కొవ్వు ఎక్కువ, ఒంట్లో కండ తక్కువ. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే ఆసియా సంతతి వాళ్లకు బీఎంఐ 25 దాకా ఆగొద్దు, 23 నుంచే పరీక్ష చెయ్యండని డాక్టర్లకు చెప్పింది. తిన్న అన్నంలోంచి వచ్చే చక్కెరలో పెద్ద వాటాను తీసి దాచుకునేది కండరమే. ఆ కొట్టే చిన్నదైతే చక్కెర రక్తంలోనే తిరుగుతుంది. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సూచనలు చెబుతున్నాయి. మన ఇళ్లలో నడక అందరికీ అలవాటే. బరువు ఎత్తడం మాత్రం కుర్రాళ్ల సరదా కింద జమ కట్టేశాం. యాభై దాటిన అమ్మలకు, అత్తలకు ఆ అవసరం ఇంకా ఎక్కువని చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు.

2020 వసంతంలో మా పక్క బ్లాకులో ఒక స్నేహితుడి నాన్నగారు చిక్కుకుపోయారు. ఆయనది ఆముదాలవలస వైపు పల్లెటూరు. కొడుకు దగ్గరికి చూడ్డానికి వచ్చారు. మార్చి 22 నుంచి ఇండియాకు విమానాలు ఆగిపోయాయి. డెబ్బై ఏళ్ల మనిషి, రోజూ పొద్దున్నే బాల్కనీలో బస్కీలు తీసేవారు. భుజం మీద ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తా. ఆ బస్తాలకు కూడా అప్పుడు కరువే, కొట్లో ఇంటికి ఒకటే ఇచ్చేవారు. కోడలు వండుకోవడానికి బస్తా విప్పేదాకా ఆయనకు అదే సామగ్రి. బస్తాను రెండు చేతులా వాటేసుకుని, మోకాళ్లు వంచి, వెన్ను నిటారుగా ఉంచి లేపేవారు. భుజం మీదికి వెళ్లాక ఒక్క క్షణం ఆగి, ఊపిరి వదిలి, అప్పుడు కిందికి కూర్చునేవారు. కుట్టుసందులోంచి రెండు మూడు గింజలు రాలితే, అయిపోయాక వంగి ఏరుకునేవారు.

డంబెల్స్ ధరలు ఆయనకు చెప్పాను. నమ్మలేదు.

"మూడు డాలర్లా? అరకేజీ ఇనుముకా? మా ఊరి సంగిడీకి ఎవుడైనా కొట్టుకెళ్లి డబ్బులిచ్చాడేటి బాబూ? రావిసెట్టు కింద ఉండీది. ఎవుడికి ఓపికుంటే ఆడెత్తీవోడు."

"ఎత్తలేకపోతే, బాబాయ్?"

"మర్నాడు మళ్లీ ఎత్తీవోడు. రాయి ఎక్కడికి పోద్ది?"

ఉత్తరాంధ్ర ఊళ్లలో సంక్రాంతికి సంగిడి రాళ్లు ఎత్తే పందాలు ఇప్పటికీ జరుగుతాయి. ఆ రాయికి ఒక యజమాని అంటూ ఉండడు. ఊరిది. కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న కోడి రామమూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం ఆ చుట్టుపక్కలే, ఆయన విజయనగరంలో వ్యాయామం నేర్పిన మనిషి కూడా. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు విభాగాల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఊసవానిపేటలో పెరిగింది. అదీ ఆముదాలవలస దగ్గరే. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ నుంచి ఎంతమంది ఆడపిల్లలు బరువులు ఎత్తి ఉద్యోగాలు తెచ్చుకున్నారో విజయనగరం జిల్లావాళ్లకు తెలుసు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ ఆటల్లో పతకం గెలిచింది. ఇలాంటి ఊళ్లలో ఇంటికో జిమ్ము ఉండదు. వ్యాయామశాలలో ఉన్న కొద్దిపాటి ఇనుమునే వంతులేసుకుని వాడుకుంటారు. ఒకరు ఎత్తుతుంటే మిగతావాళ్లు చూస్తారు, తప్పు పడితే చెబుతారు. చూసేవాళ్లు ఉండటం వల్లే మర్నాడు మళ్లీ రావాలనిపిస్తుంది.

ఇనుము స్వభావమే అది. అరగదు, పాడవదు, తేదీ దాటిపోదు. ఒక మనిషి దాన్ని వాడేది రోజుకు అరగంట. మిగతా ఇరవై మూడున్నర గంటలూ అది మూలన పడుంటుంది. ఒక జత పది ఇళ్లకు సరిపోతుంది. అలాంటి వస్తువును ఇంటికొకటి కొనాలనే అలవాటు అమెరికా నేర్పింది, మనమూ నేర్చుకున్నాం. ఆ అలవాటే 2020లో అంత కరువు తెచ్చిపెట్టింది.

మా అపార్టుమెంట్ల తెలుగు వాట్సాప్ గ్రూపులో మే నెలలో ఒకావిడ ఒక మాట పెట్టింది. తన దగ్గర పది పౌండ్ల జత ఉంది, మంగళ, శుక్రవారాలు తనకు అక్కర్లేదు, ఎవరికైనా కావాలా అని. అంతే. రెండు రోజుల్లో ఎవరి మంచాల కింద ఏమున్నాయో బయటికి వచ్చాయి. ఎవరో మానేసిన కెటిల్‌బెల్, కొడుకు కాలేజీకి వెళ్తూ వదిలేసిన ప్లేట్లు, పెట్టె కూడా విప్పని రబ్బరు బ్యాండ్లు. ఒక కాగితం మీద వంతులు రాసుకున్నాం. ఇచ్చేవాళ్లు బ్లీచ్ నీళ్లతో తుడిచి గుమ్మం బయట పెట్టడం, తీసుకునేవాళ్లు గంటాగి తీసుకోవడం. ముఖాలు చూసుకోకుండానే ఎవరికి ఎంత బరువు ఎత్తడం వచ్చిందో అందరికీ తెలిసిపోయేది. బియ్యం బస్తా బాబాయికి పదహారు కిలోల కెటిల్‌బెల్ వంతు వచ్చినప్పుడు, ఆయన దాన్ని ముందు చేత్తో నిమిరి, పిడి లోపల వేలు పెట్టి అతుకు గీత తడిమి చూసుకున్నారు. చిక్కుకున్నవాళ్లను ఇండియాకు చేర్చే వందే భారత్ విమానం దొరికి వెళ్లిపోయేదాకా ఆ వంతు ఆయన ఒక్కసారీ వదులుకోలేదు.

తరవాతి కథ అందరికీ తెలిసిందే. జిమ్ములు తెరిచారు, గిరాకీ పడిపోయింది. ఇంట్లో తొక్కే వ్యాయామ సైకిళ్లు అమ్మే పెలోటన్ 2022 ఫిబ్రవరిలో 2,800 మందిని ఉద్యోగాల్లోంచి తీసేసింది. బోఫ్లెక్స్ కంపెనీ 2024 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. 2025 జూన్‌లో ఆ డయల్ డంబెల్స్‌లోంచి ప్లేట్లు ఊడి మీద పడుతున్నాయని సుమారు 38 లక్షల డంబెల్స్ వెనక్కి పిలిచారు. అంత ధర పెట్టి కొన్నవాళ్లలో మా వాళ్లూ ఉన్నారు. పోతపోసిన మామూలు కెటిల్‌బెల్‌లో ఊడిపోవడానికేమీ ఉండదు. 2025లోనే విదేశీ ఉక్కు మీద సుంకం ముందు 25 శాతం, తరవాత 50 శాతం చేశారు. అంటే ఇనుప సరుకుల ధర గురించి మళ్లీ మాట్లాడుకునే రోజులే ఇవి.

బర్క్‌లీ పబ్లిక్ లైబ్రరీ 1979 నుంచి సుత్తులు, రంపాలు, నిచ్చెనలు పుస్తకాల్లా అరువిస్తోంది. డంబెల్స్‌నీ అలాగే పంచుకోవచ్చు. మన గుళ్ల బేస్‌మెంట్లలో, తెలుగు సంఘాల హాళ్లలో ఒక గోడ పక్కన ఒక రాక్ పెట్టడానికి ఎంత కావాలి? ఇప్పుడు పాత సామాన్లలో డంబెల్ మళ్లీ చవకగానే దొరుకుతోంది. ఐదు, ఎనిమిది, పది, పదిహేను, ఇరవై పౌండ్ల జతలు రెండేసి. పన్నెండు, పదహారు కిలోల కెటిల్‌బెల్స్ నాలుగు. కింద రబ్బరు చాప. శనివారం పొద్దున్న పిల్లల తెలుగు బడి నడుస్తున్నంతసేపూ తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు కారిడార్లో ఫోన్లు చూస్తూ కూర్చునే ఉంటారు. ఆ రెండు గంటలు సరిపోతాయి. ఎలా ఎత్తాలో చూపించడానికి ఫిజియోథెరపిస్టులు మనలోనే ఉన్నారు, అడిగితే కాదనరు. మా గ్రూపులోవాళ్లం మా వంతు ఇనుము ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం, చోటు చూపించమని దగ్గర్లోని గుడి కమిటీకి ఉత్తరం రాశాం.